ఎనిమిదో వీధికి వెళ్లే బస్సు ఏడో వీధిలో

సౌత్ బీచ్‌లో రెండు నిమ్మరసాలకి వచ్చిన బిల్లు చూసి మా ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. ధర సంగతి సరే, సర్వీస్ ఛార్జీ పేరుతో ఇరవై శాతం ముందే కలిపేసి, దాని కింద టిప్పు రాయమని మళ్లీ ఒక ఖాళీ గీత! బీచ్ గురించి ఇంతకుమించి రాయడానికి నా దగ్గరేమీ లేదు. నీళ్లు నీలంగా ఉన్నాయి, ఇసుక తెల్లగా ఉంది, పార్కింగ్ దొరకలేదు.

అసలు నేను మయామీ వెళ్లింది కంట్రీ గాయకుడు రౌల్ మాలో పాటల కోసం. డాలస్‌లో ఉంటే కంట్రీ మ్యూజిక్ వద్దన్నా చెవిలో పడుతుంది. మొదట్లో నాకు అన్ని పాటలూ ఒకేలా ఉండేవి: ట్రక్కు, బీరు, వదిలేసి వెళ్లిపోయిన అమ్మాయి. వాటి మధ్యలో ఒకసారి ది మావరిక్స్ అనే బ్యాండు పాట వినబడింది. ఆ గొంతు రౌల్ మాలోది. పాతకాలపు అమెరికన్ గాయకుడు రాయ్ ఆర్బిసన్‌తో పోలుస్తారు అందరూ; పైస్థాయికి వెళ్లినప్పుడు అరుపులా ఉండదు, తలుపు తెరిచినట్టుంటుంది. ఈ బ్యాండు 1989లో మొదలైంది కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లో కాదు, మయామీలో. అక్కడి రాక్ క్లబ్బుల్లో కంట్రీ పాడుతూ పైకొచ్చి, 1996లో గ్రామీ కొట్టారు. మాలో 1965లో మయామీలోనే పుట్టాడు. అమ్మానాన్నలు క్యూబా నుంచి వచ్చినవాళ్లు.

బ్యాండుకి విరామం వచ్చిన రోజుల్లో, 2001లో, ఆయన సొంతంగా తెచ్చిన ఆల్బమ్ పేరు 'టుడే'. లాస్ లోబోస్ బృందంలోని స్టీవ్ బెర్లిన్ దాని నిర్మాణంలో చేయి వేశాడు. కొన్ని పాటలు ఇంగ్లీషులో, కొన్ని స్పానిష్‌లో. ట్రంపెట్లు, చేతి డప్పులు ముందుకొచ్చాయి. కంట్రీ గాయకుడు తన మూలాలు వెతుక్కున్నాడని దాని గురించి రాస్తుంటారు. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ఇంట్లో పొద్దున లేస్తే వినబడే సంగీతాన్ని ఎవరైనా ఎక్కడని వెతుక్కుంటారు? అదేదో ఆ ఊళ్లోనే తేల్చుకుందామని నా సరదా.

బావమరిది పెంబ్రోక్ పైన్స్‌లో ఉంటాడు. మర్నాడు మా ఆవిడ తమ్ముడి పిల్లలతో ఉండిపోయింది. నేను మయామీలో క్యూబా వాళ్ల పేట లిటిల్ హవానాకి బయల్దేరాను. అతను ఆఫీసుకి పోతూ నన్ను బ్రికెల్ స్టేషన్ దగ్గర దింపాడు. "లిటిల్ హవానాలో ఏముంటుంది బావా, కాఫీ, కోడిపుంజు బొమ్మలు తప్ప? పార్కింగ్ కూడా ఉండదు, బస్సులో వెళ్లండి" అన్నాడు. కోడిపుంజుల మాట నిజమే. రంగులేసిన పెద్ద పెద్ద పుంజుల బొమ్మలు దుకాణాల ముందు నిలబడి ఉంటాయి, టూరిస్టులు వాటి మెడ పట్టుకుని ఫొటోలు దిగుతుంటారు.

ఎనిమిదో నంబరు బస్సు, రెండుంపావు డాలర్లు. మొత్తం ప్రయాణంలో పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది ఇక్కడే. ఎక్కిన ప్రతివాళ్లూ డ్రైవర్‌కి 'బ్వెనోస్ దియాస్' చెప్పి లోపలికొస్తున్నారు. డాలస్‌లో నేనింత గొంతులున్న బస్సు ఎక్కలేదు. వెనక సీట్లో ఒకాయన ఫోన్లో స్పానిష్ వార్తలు పెద్దగా పెట్టుకుని, వాటికి పక్కవాళ్లందరికీ వినబడేలా జవాబు చెబుతున్నాడు. నాకు అర్థమైంది క్యూబా అన్న పేరు ఒక్కటే. లిటిల్ హవానాలో అసలు వీధి కాయే ఓచో, అంటే ఎనిమిదో వీధి. కానీ అక్కడ ఆ వీధి వన్‌వే, తూర్పుకి మాత్రమే. మనం వెళ్లేది పడమరకి. అందుకని ఎనిమిదో వీధికి వెళ్లాల్సిన బస్సు ఏడో వీధిలో పోతుంది. కిటికీలోంచి బోర్డులు చూస్తూ నాకు టెన్షన్ పట్టుకుంది. నా మొహం చదివేసిందేమో, ఒడిలో కర్రపెండలం దుంపల సంచీ పెట్టుకున్న పెద్దావిడ నా తరఫున బస్సు ఆపమనే తీగ లాగి, "ఇక్కడ దిగు, ఒక్క వీధి నడువు" అన్నట్టు చేత్తో చూపించింది. థాంక్యూ అంటే ముక్కు చిట్లించింది. 'గ్రాసియాస్' అన్నాక నవ్వింది.

వీధిలో నడుస్తుంటే మాత్రం నీరసం వచ్చింది. ప్రతి బారు గుమ్మంలోంచీ టూరిస్టుల కోసం అవే నాలుగైదు పాటలు. 1926 నాటి టవర్ థియేటర్ చూశాను, పక్కన డామినోలు ఆడే ముసలాళ్ల పార్కు చూశాను, క్యూబాలో కాస్ట్రోని దించడానికి 1961లో జరిగిన బే ఆఫ్ పిగ్స్ దాడిలో పోయినవాళ్ల స్మారకం దగ్గర ఆగాను. మాలో ఆల్బమ్‌లోని నెమ్మదితనం ఎక్కడా తగల్లేదు.

చివరికి ఒక కాఫీ కిటికీ దగ్గర నిలబడ్డాను. వెంటనీతా అంటారు. హోటల్ లోపలికి వెళ్లక్కర్లేదు, ఫుట్‌పాత్ మీదే కొని తాగేయడం. నా ముందు నాలుగు జేబుల చొక్కా వేసుకున్న పెద్దాయన కొలాడా తీసుకున్నాడు. ఒక గ్లాసు నిండా చక్కెర నురగతో చిక్కటి కాఫీ, దాంతోపాటు మందు సీసా మూతలంతటి చిన్న కప్పులు. అడక్కుండానే అందరికీ పోశాడు, నాకూ పోశాడు. మన వన్ బై టూ చాయ్‌కి ఇది పెద్దన్న. ఒక్క గుక్క తాగితే చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

చెవిలో ఏం వింటున్నావని అడిగాడు. ఇదే అదనని ఇయర్‌ఫోన్ ఆయనకిచ్చి, ఒక స్పానిష్ పాట పెట్టాను. మాట్లాడకుండా సగం దాకా విన్నాడు. వేళ్లతో కిటికీ గట్టు మీద క్లావే, అదే క్యూబా పాటల తాళం, కొట్టాడు: మూడు దెబ్బలు, ఆగి, రెండు దెబ్బలు. నా గుండె ఉబ్బింది.

"గొంతు బాగుంది. ఎవరు?"

చెప్పాను. క్యూబా వాళ్ల అబ్బాయి, ఇక్కడే పుట్టాడు, కంట్రీ పాడతాడు.

"ఆహా. ఇక్కడి పిల్లాడు" అని ఇయర్‌ఫోన్ తిరిగిచ్చేశాడు. "మా పిల్లలూ ఇలాగే. స్పానిష్ బాగానే మాట్లాడతారు, అమెరికన్లలా."

అక్కడితో మాలో ప్రసక్తి అయిపోయింది. తర్వాత ఆయన తన కథ చెప్పాడు. ఫ్రీడమ్ ఫ్లైట్‌లో చిన్నపిల్లాడిగా అమ్మతో వచ్చాడట. 1965 చివర్నుంచి 1973 దాకా క్యూబాలోని వరదేరో నుంచి మయామీకి నడిచిన విమానాలవి, దేశం వదిలి వచ్చేవాళ్లని రెండున్నర లక్షల మందికి పైగా తెచ్చాయి. తర్వాత ఇంటి అద్దెల గురించి తిట్టాడు, ఇన్సూరెన్స్ గురించి ఇంకా ఎక్కువ తిట్టాడు. పాట గురించి మళ్లీ అడుగుదామని చూశాను. అవకాశమే ఇవ్వలేదు.

నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. నాష్‌విల్ వాళ్లకి ఈ ఆల్బమ్ దారి తప్పిన కంట్రీ గాయకుడి సరదా, ఈయనకేమో అమెరికన్ పిల్లాడి స్పానిష్. అరటికాయ వేపుడు, నల్ల బీన్స్ అన్నం తింటూ ఆల్బమ్ మొత్తం మళ్లీ విన్నాను. (శాకాహారులకి ఇక్కడ ఇవే గతి. బీన్స్‌లో పంది మాంసం వేశారేమో అడిగి మరీ తినండి.) బొలేరో అనే నెమ్మది ప్రేమపాట క్యూబాలో శాంతియాగో వైపు పుట్టింది, పంతొమ్మిదో శతాబ్దంలో. గిటారు, నెమ్మదైన నడక, వెళ్లిపోయిన మనిషి. నాష్‌విల్ విషాద గీతంలో ఉన్నవీ అవే. మాలో ఒక దాంట్లోంచి ఇంకో దాంట్లోకి వెళ్తున్నప్పుడు గొంతు మార్చడు, అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు. బాంగోలు మోగిన చోటల్లా నాకు గుర్తొచ్చింది మాత్రం ఎల్.ఆర్. ఈశ్వరి క్లబ్ పాటలు. మా నాన్న రేడియో గొంతు తగ్గించి మరీ వినేవాడు, నాన్నమ్మ వింటుందని. ఆ డప్పులు ఏ దేశానివని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

సాయంత్రం బావమరిది ఎక్కించుకున్నాడు. ట్రాఫిక్‌లో కారు కదలడం లేదు కదాని ఆల్బమ్ పెట్టాను.

"ఇందులో కంట్రీ ఎక్కడుంది బావా? టోపీ లేదు, ట్రక్కు లేదు."

"గొంతు విను."

విన్నాడో లేదో. గాయని షెల్బీ లిన్‌తో మాలో కలిసి పాడిన పాట వచ్చేసరికి మాత్రం స్టీరింగ్ మీద దరువు మొదలుపెట్టాడు, మళ్లీ పెట్టమన్నాడు. పెట్టాను. ఎక్స్‌ప్రెస్ లేన్ టోల్ బోర్డు మీద అంకె మాత్రం మేము చూస్తుండగానే ఇంకో డాలరు పెరిగింది.