అతని అధ్యాయాలు తీసేస్తే

రాత్రి రెండున్నరకి పూర్తిచేశాను, పొద్దున్నే లేవాలని తెలిసీ. ఇవాళంతా కళ్ళు మంటలు. ఆఫీసులో ఒకరికి పంపాల్సిన మెయిల్ ఇంకొకరికి పంపాను. ఇంతా చేసి ఆ నవల నచ్చిందా అంటే అవుననీ అనలేను, కాదనీ అనలేను. నచ్చకపోతే నిద్ర మానుకుని ఎందుకు చదివావంటే ఏం చెప్పను?

డార్క్ కాలేజ్ రొమాన్స్ అంటారే, ఆ రకం. మొదటి పేజీలోనే హెచ్చరికలు: వెంటాడటం, బెదిరింపులు, బలవంతం. సిగరెట్ పెట్టె మీది బొమ్మని చూసినట్టే చూసి ముందుకెళ్ళిపోయాను. స్కాలర్‌షిప్ మీద చేరిన అమ్మాయి, కాలేజీ అంతా హడలిపోయే డబ్బున్న కుర్రాడు. (ఇంత లావు పుస్తకంలో ఎవరూ ఒక్క పరీక్ష రాయలేదు. అదేం కాలేజీయో!)

రాసినావిడది చెయ్యి తిరిగిన రాత, సందేహం లేదు. లైబ్రరీలో ఇద్దరూ మొదటిసారి వాదించుకునే చోట ఆ అమ్మాయి నోరు చూసి ముచ్చటేసింది. సగం దాటేసరికి ఆ నోరు పడిపోయింది. ఆమె స్నేహితురాలు కూడా కథలోంచి మాయం. ఎందుకో తర్వాత వెలిగింది. ఆ పిల్ల ఉంటే "వీడితో నీకేంటే, పద కంప్లైంట్ ఇద్దాం" అనేది. కథ అక్కడితో సరి.

నన్ను పట్టేసింది అధ్యాయాల అమరిక. ఒకటి ఆమెది, ఒకటి అతనిది. ఆమె గదికి తిరిగొచ్చేసరికి కుర్చీ జరిగి ఉంటుంది, దుప్పటి మీద ఎవరో కూర్చున్న ముడత. నాకు ఒళ్ళు జలదరించింది. పేజీ తిప్పితే అతని గొంతు: నిద్రపట్టక, చిన్నప్పుడే పోయిన తల్లి గుర్తొచ్చి, అక్కడ ఓ గంట కూర్చుని వెళ్ళాడట. అయ్యో పాపం అనుకున్నాను. దొంగతాళంతో దూరినవాణ్ణి!

మధ్యాహ్నం లంచ్ టైములో ఓ పని చేశాను. అతని అధ్యాయాలు వదిలేసి ఆమెవి మాత్రం గబగబా తిరగేశాను. తాళం మార్పిస్తుంది. క్లాసుకి చుట్టుదారిలో వెళ్తుంది. ఫోన్ నంబర్ మారుస్తుంది. రాత్రి నాకు ఇవన్నీ బెట్టు చేయడంలా కనిపించాయి.

ఎం.ఏ.లో చదివిన 'క్లారిస్సా' గుర్తొచ్చింది. 1748 నాటి ఉత్తరాల నవల. అందులో లవ్‌లేస్ అనేవాడు నాయిక క్లారిస్సాకి మత్తు పెట్టి చెరుస్తాడు. అయితే అతని ఉత్తరాలు ఎంత హుషారుగా ఉంటాయంటే, ఇద్దరికీ పెళ్ళి చేసి కథ సుఖాంతం చెయ్యమని కొందరు పాఠకులు రచయిత రిచర్డ్‌సన్‌ని బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. పైగా తర్వాతి ముద్రణల్లో వాడి దుర్మార్గం ఇంకా బాగా కనబడేలా దిద్దాడు. క్లాసులో ఆ పాఠకుల గురించి విని నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సాయంత్రం, పుస్తకం ఇచ్చిన స్నేహితురాలి మెసేజ్: "ఎలా ఉన్నాడు మావాడు?"

"అతని అధ్యాయాలు వదిలేసి ఒకసారి చదివి చూడు" అని పెట్టాను.

"అప్పుడిక చదవడానికి ఏముంటుందే?"

దానికి జవాబు రాయలేదు. రెండో భాగం నీ దగ్గర ఉందా అని మాత్రం అడిగాను.