నూరు దేనారముల బాకీ

మా ఇల్లు ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్నది. నాన్నగారు కొన్న పొలం మాత్రం సరిహద్దుకు అవతల, ఆంధ్రలోని పాతపట్నం వైపు ఉండేది. అమ్మ మంచం పట్టిన నాటి నుంచి కన్నుమూసే వరకు ఆమెను కనిపెట్టుకుని ఉన్నది నేను. బరంపురంలో స్థిరపడిన అన్నయ్య, పాసుపుస్తకం తన పేరున ఉన్నందున, అమ్మ పోయిన కొద్దికాలానికే నాతో ఒక్క మాటైనా చెప్పకుండా ఆ పొలం అమ్మేశాడు.

జరిగింది అన్యాయమే, ఆ మాట ఈనాటికీ అంటాను. అయితే న్యాయం నా పక్షాన ఉన్నదన్న నమ్మకం క్రమంగా గర్వంగా ముదిరింది. మా చర్చి సంఘంలో ఎవరైనా “అమ్మను ఎంత బాగా చూసుకున్నావమ్మా” అంటే, ఆ మెప్పును అన్నయ్య మీద మోపవలసిన మరొక నేరంగా ఇంటికి తెచ్చుకునేదాన్ని. వీపున పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి అమ్మను పక్కకు తిప్పిన సంగతి, అర్ధరాత్రి దుప్పట్లు ఉతికి వసారాలో ఆరవేసిన సంగతి, ఆ రోజుల్లో అన్నయ్య ఫోను ఎత్తని సంగతి, ఇవన్నీ ప్రతి రాత్రి దేవునికి విన్నవించి, దానినే ప్రార్థన అనుకున్నాను.

బైబిలులో లూకా సువార్త 18వ అధ్యాయంలోని ఉపమానం, నియమనిష్ఠలు పాటించే పరిసయ్యుడు, పన్నులు వసూలు చేసే సుంకరి దేవాలయంలో ప్రార్థించిన కథ, చిన్ననాటి నుంచి విన్నదే. ఒక ఆదివారం అది చదువుతుండగా, అంతవరకు గమనించని సంగతి ఒకటి కనిపించింది. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉంటున్నానని, సంపాదనలో పదవ వంతు ఇస్తున్నానని పరిసయ్యుడు చెప్పినది అబద్ధమని ప్రభువు ఎక్కడా అనలేదు. చెప్పినదంతా నిజమే అయి ఉండవచ్చు. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్ళినవాడు సుంకరి. నేను చేసిన సేవ కూడా నిజమే, కానీ దానిని దేవుని ఎదుట పెట్టి అన్నయ్యను చిన్నచేసిన క్షణంలో నా ప్రార్థనకూ పరిసయ్యుని ప్రార్థనకూ తేడా మిగలలేదు.

ఆ మాట పాస్టరమ్మగారితో చెప్పుకున్నాను. ఆమె ఓదార్చలేదు, మందలించలేదు; మత్తయి 18వ అధ్యాయం తీసి, పదివేల తలాంతుల అప్పు మాఫీ అయిన దాసుడు, తనకు నూరు దేనారములు బాకీపడిన తోటి దాసుని గొంతు పట్టుకున్న ఉపమానం చదివించారు. ఆ కాలంలో దేనారము ఒక రోజు కూలి, తలాంతు సుమారు ఆరువేల దేనారములు. అంటే మొదటివాని అప్పు ఆరు కోట్ల రోజుల కూలి, ఎన్ని జన్మలెత్తినా తీరనిది. రెండవది చిల్లర బాకీ అని చాలామంది అంటారు గాని, నూరు రోజుల కూలి పేదవానికి చిల్లర కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి హామీ ఇచ్చినదీ అన్ని రోజుల పనే. నాకు జరిగిన నష్టాన్ని ప్రభువు తక్కువ చేయడం లేదని అప్పుడు అర్థమైంది. నష్టం అంత పెద్దదే. నాకు దొరికిన క్షమాపణ దానికంటే ఎన్నో రెట్లు పెద్దది.

“అన్నయ్య మారాలని కాదు, అన్నయ్యకు మేలు జరగాలని ప్రార్థించు” అన్నారామె. ఇది చెప్పినంత తేలిక కాదు. మొదట్లో అతని మోకాళ్ళ నొప్పి తగ్గాలని ఒక్క మాట అనేసరికే గొంతు అడ్డుపడేది. కొన్ని రాత్రులు ఆ మాట దాటి ముందుకు పోలేక లేచిపోయాను. కాని ఒకరి మేలు రోజూ అడుగుతూ ఆ మనిషి మీద నేరాల పట్టిక నిలబెట్టుకోవడం కష్టమని కొన్ని నెలల్లో తెలిసింది. “అపకారమును మనస్సులో ఉంచుకొనదు” అని పౌలు ప్రేమను గురించి కొరింథీయులకు రాసిన మాటకు అర్థం నాకు ఆ ప్రార్థనలోనే దొరికింది.

క్షమిస్తే వాటా వదులుకోవాలా అన్న ప్రశ్న ఎంతోకాలం బాధించింది. దానికి సమాధానం మా రాష్ట్రంలోనే ఉన్నది. 1999 జనవరిలో కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు కుమారులను వాహనంలోనే సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని చెప్పి, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బారిపదలో ఉండి కుష్ఠురోగులకు సేవ చేశారు. ఆమె క్షమాపణ న్యాయస్థానాన్ని ఆపలేదు. ప్రధాన దోషికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. క్షమాపణ వేరు, తప్పును ఒప్పు అనడం వేరని ఆమె జీవితం నాకు నేర్పింది. ఆమె దుఃఖంతో నా నష్టాన్ని పోల్చే సాహసం చేయను.

నిరుడు క్రిస్మస్‌కు ముందు బరంపురం వెళ్ళాను. అన్నయ్య క్షమాపణ అడగలేదు. పొలం అమ్మడంలో తప్పేమీ లేదనే ఇప్పటికీ అతని అభిప్రాయం. అది వింటున్నప్పుడు నాలో పాత మంట లేచిన మాట నిజం, కాని అది నన్ను వెంటనే తిరుగు బస్సు ఎక్కించలేదు. వదిన వడ్డించిన అన్నం తిని, సాయంత్రం దాకా అమ్మ గురించి మాట్లాడుకున్నాము. వాటా డబ్బు సంగతి ఇంకా తేలలేదు. దానిని గౌరవంగా అడుగుతూనే ఉన్నాను. మొన్న రాసిన ఉత్తరంలో లెక్క ఒక్కటే రాశాను, అమ్మకు చేసిన సేవ ప్రస్తావన అందులో లేదు.