కల్లింగ్ పెట్టల్ని ఇంటికి తెచ్చుకుంటే

తణుకు, అనపర్తి చుట్టుపక్కల ఫారాల్లో లేయర్ పెట్టలు, అంటే గుడ్ల కోసం పెంచేవి, 72 వారాల వయసు దాటాక, గుడ్ల ధరను బట్టి కాస్త ముందో వెనకో, కల్లింగ్‌కి పోతాయి, అంటే ముసలివని ఏరి అమ్మేస్తారు. కేజీన్నర తూగే తెల్ల పెట్ట అప్పటికీ గుడ్డు మానదు, తగ్గిస్తుందంతే. పెరట్లో చోటుంటే మూడుకి తగ్గకుండా తెచ్చుకోండి, ఒక్కటైతే బెదురుతుంది.

వీపు బోడిగా ఉన్నా పర్వాలేదు, ఈకలు మళ్లీ వస్తాయి. కత్తిరించిన ముక్కు కొస మాత్రం రాదు. చూడాల్సింది కాళ్లు. నిలబడలేక ఒరిగిపోయే పెట్ట తన ఎముకల్లోని కాల్షియాన్ని గుడ్డు పెంకులకే ధారపోసిందని లెక్క. అందుకే కాళ్లు కట్టి తలకిందులుగా వేలాడదీసి తేవద్దు, ఎముకలు పుటుక్కున విరుగుతాయి. గాలి ఆడే క్రేట్లో, చల్లపూట తీసుకురండి. ముక్కు కారే పెట్టను గానీ, కోళ్లు వరసగా చస్తున్న ఫారం నుంచి గానీ అసలు తేవద్దు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు అగ్రహారం వైపు బర్డ్ ఫ్లూ తేలిన సంగతి ఈ జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు.

ఇంట్లో నాటుకోళ్లుంటే మూడు వారాలు వేరుగా ఉంచాలి. ఫారం పెట్టకు కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా పడి ఉంటుంది. టీకా పడ్డ పక్షి తాను పడిపోకుండానే వైరస్ మోయగలదు. ముందు మీ నాటుకోళ్లకు టీకా వేయించండి.

ఇన్నాళ్లూ నిపుల్ నుంచే, అంటే పొడిస్తే నీటిచుక్క రాల్చే గొట్టం నుంచే, తాగిన పెట్టకి మూకుట్లో నీళ్లు కనిపించినా తెలియదు. ముక్కు కొస రెండుమూడు సార్లు ముంచి చూపిస్తే పట్టేస్తుంది. ఎండాకాలం నీళ్లు నీడలో పెట్టి, మధ్యాహ్నం మార్చాలి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మేత దగ్గర. వచ్చిన రోజునుంచే ప్రేమగా నూకలు, తౌడు పోస్తారు. వాటిలో కాల్షియం లేనట్టే. లేయర్ దాణాలో అది మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది. రోజుకి పెట్టకి 110 గ్రాముల దాణా ఆపకుండా పెట్టండి. పక్కనే వేరే గిన్నెలో కందిగింజంత ఆల్చిప్ప ముక్కలు ఉంచితే కావాల్సినంత అవే తింటాయి. నూకలు సాయంత్రం ఒక గుప్పెడు చాలు. పెంకు లేని తోలు గుడ్లు మొదలైతే ముందు మేతలోనే కారణం వెతకండి. దాణా పది రోజులకి సరిపడా మాత్రమే కొనండి, మన గాలిలో తేమకి బూజు పడుతుంది, ఆ బూజు విషం లివర్‌ని తినేస్తుంది.

తడి రెండో శత్రువు. గూటి నేల అడుగున్నర ఎత్తు లేపి, నాలుగంగుళాల ఊక పరవండి. గుప్పిట పిసికితే ముద్దగా నిలిచే ఊకని తీసేయాల్సిందే. రెట్టలో నెత్తురు కనిపిస్తే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు అనుకుని ఆ రోజే పశువైద్యశాలకి వెళ్లండి. పెట్టలు ఎక్కి కూర్చునే దండెం అడుగు ఎత్తు మించనివ్వకండి. ముంగిసలకి, పందికొక్కులకి అరంగుళం మెష్ పెడితే సరి.

ఫారంలో దీపాలతో 16 గంటల వెలుగు ఉండేది. ఇంట్లో అది తగ్గగానే ఈకలు రాల్చి, దాదాపు రెండు నెలలు గుడ్డు మానేస్తాయి. జబ్బు కాదు, బల్బు పెట్టి లేపొద్దు. పొట్ట ఉబ్బి నిటారుగా నడిచే పెట్టది, వెనక ఎర్రగా బయటికొచ్చిన పెట్టది మాత్రం నిజమైన ఆపద. వెంటనే విడదీయండి, మిగతావి ఆ ఎరుపును పొడిచి చంపేస్తాయి.

పందెం పుంజు తిరిగే దొడ్లో వీటిని కలపవద్దు. దాని బరువుకి ఈ పెట్టల వీపు చీరుకుపోతుంది.