మిర్చి తేనె చేసుకునేవాళ్ళు ఒక్కసారి ఇది చదవండి

ఈ మధ్య ఇన్‌స్టా తెరిస్తే చాలు ఎవరో ఒకరు పిజ్జా మీదో చికెన్ మీదో ఎర్రటి తేనె ధారగా పోస్తూ కనిపిస్తున్నారు. హాట్ హనీ అంట. దీన్ని బాగా ఫేమస్ చేసింది అమెరికాలో మైక్ కర్ట్జ్ అనే ఆయన, బ్రెజిల్‌లో ఒక పిజ్జా షాపులో చూసి వచ్చి, 2010లో బ్రూక్లిన్‌లో ఒక పిజ్జా షాపులో పని చేస్తూ అక్కడే పెట్టడం మొదలుపెట్టాడు, ఇప్పుడది పెద్ద బ్రాండ్. ఇక్కడ ఆ సీసా కొనాలంటే ఇంపోర్టెడ్ రేటు, గుంటూరు మిర్చి ఇంట్లో పెట్టుకుని అంత డబ్బు ఎందుకండీ, చేసుకుంటే తేలికైన పని.

కానీ రీల్స్‌లో చూపిస్తున్న పద్ధతి చూస్తే మాత్రం నాకు భయమేస్తోంది. పచ్చిమిర్చి, లేకపోతే పండుమిర్చి, కడిగి చక్రాల్లా కోసి సీసాలో వేసి పైన తేనె పోసి మూత బిగించి "నెల రోజులు కిచెన్ షెల్ఫ్‌లో పెట్టండి, ఎంత ఊరితే అంత టేస్ట్" అంటున్నారు. దయచేసి అలా పెట్టకండి.

తేనె అసలు ఎందుకు పాడవదో తెలిస్తే ఇది ఎందుకు వద్దంటున్నానో అర్థమవుతుంది. మంచి తేనెలో నీళ్ళు పదిహేడు పద్దెనిమిది శాతం ఉంటాయి అంతే, మిగతాదంతా దాదాపు చక్కెరలే, ఆ చక్కెర ఉన్న కాస్త నీటిని గట్టిగా పట్టేసుకుంటుంది కాబట్టి బూజుకీ బ్యాక్టీరియాకీ తాగడానికి చుక్క దొరకదు. దానికి తోడు పులుపు కూడా ఉంటుంది, నాలుక్కి తెలీదు గానీ తేనె పీహెచ్ దాదాపు నాలుగు. పచ్చిమిర్చిలో దాదాపు తొంభై శాతం నీళ్ళే. దాన్ని కోసి తేనెలో వేస్తే తేనె ఆ నీళ్ళన్నీ లాగేస్తుంది, రెండ్రోజులకే సీసా పైభాగంలో తేనె పల్చబడి నీళ్ళ నీళ్ళగా కనిపిస్తుంది, మిర్చి ముక్కలన్నీ పైకి తేలి అక్కడే ఉంటాయి. ఇంకేముంది, ఈస్ట్ మొదలవుతుంది. ఆవకాయలో తడి గరిటె పెడితే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు, ఇక్కడ రూలు కూడా అచ్చంగా అదే.

ఈస్ట్ వస్తే కనీసం తెలుస్తుంది, నురగ వస్తుంది, మూత తీస్తే బుస్‌మంటుంది, పుల్లటి కల్లు వాసన కొడుతుంది. తెలియనిది ఇంకోటి ఉంది, బోటులిజం. క్లాస్ట్రీడియం బోటులినమ్ అనే బ్యాక్టీరియా తాలూకు స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, మట్టిలో ఉంటాయి, మట్టిలోంచి కూరగాయల మీదకి వస్తాయి, తేనెలో కూడా కొన్నిసార్లు ఉంటాయి. మామూలు తేనెలో అవి నిద్రలోనే ఉంటాయి, ఏమీ చేయలేవు. వాటికి తేమ కావాలి, పులుపు తక్కువుండాలి, గాలి తగలకూడదు. తేనెలో మునిగిన పచ్చి ముక్క లోపల ఈ మూడూ కుదిరే ఛాన్స్ ఉంది. జరిగి తీరుతుందని అనట్లేదు, చాలా అరుదు, కానీ ఆ విషం తయారైతే రంగు వాసన రుచి దేన్లోనూ తేడా తెలియకపోవచ్చు, అది నరాల మీద పనిచేస్తుంది, అలాంటి దానికి రిస్క్ తీసుకోవడం ఎందుకు. వెల్లుల్లి రెబ్బలు తేనెలో ఊరబెట్టేవాళ్ళకీ ఇదే మాట.

కాబట్టి ఎండుమిర్చి. అది కూడా గలగలలాడేంత ఎండినది, తుంచితే టక్‌మని విరగాలి, వంగిందంటే ఇంకా తడి ఉన్నట్టే. గుంటూరు సన్నం అయితే మంచి వాసన, మీడియం కారం, తేజ అయితే కారం ఎక్కువ కాబట్టి సగం వేసుకోండి, రంగు కావాలంటే బ్యాడిగి రెండు కలపండి. ప్రతి కాయా తొడిమ తీసి నిలువునా చీల్చి లోపల చూడండి, ఇది మాత్రం బద్ధకించొద్దు. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయ లోపల గింజల చుట్టూ బూడిద రంగు బూజు ఉంటుంది ఒక్కోసారి, తాలు కాయల్లో అయితే మరీ. ఆ బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం వచ్చే ఛాన్స్ ఉంది, అది వేయించినా ఉడకబెట్టినా పోదు. ఇందుకే నేను కారప్పొడి వాడను, పొడిలో ఏ కాయ పడిందో ఏ రంగు కలిసిందో మనకేం తెలుస్తుంది.

బాగున్న కాయల్ని ఒక పూట ఎండలో పెట్టి, లేదా పొయ్యి సిమ్‌లో పెట్టి పొడి మూకుడులో రంగు మారకుండా కాస్త వేడి చేసి, చల్లారాక చేత్తోనే నలిపేయండి (గ్లౌజ్ వేసుకోండి, కళ్ళజోడు బదులు కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ళు మరీ జాగ్రత్త). కప్పు తేనెకి ఆరేడు కాయలు సరిపోతాయి. ఒక గిన్నెలో నీళ్ళు మరిగించి స్టవ్ కట్టేసి, ఆ నీళ్ళలో తేనె గిన్నె పెట్టి మిర్చి వేసి కలిపి అరగంట వదిలేయండి. ఆవిరి చుక్క తేనెలో పడకుండా చూసుకోండి. తర్వాత పొడి స్టీలు జల్లెడలో వడకట్టేయడమే. ముక్కలు అలాగే వదిలేస్తే చూడ్డానికి బాగుంటుంది నిజమే, కానీ కారం దిగుతూనే ఉంటుంది, మూడు వారాలకి పిల్లలు నోట్లో పెట్టుకోలేనంత అవుతుంది. వెనిగర్ కొంచెం వేసే వాళ్ళున్నారు, కప్పుకి చెంచా వేస్తే పులుపు బాగుంటుంది, దానికి మించితే పల్చబడిపోతుంది.

తేనె వేడి చేస్తే విషం కదా అని మా పిన్ని వెంటనే అడిగింది. ఆయుర్వేదంలో వద్దని ఉంది, చరకుడే చెప్పాడు, అది పాటించేవాళ్ళు అసలు వేడి చేయకుండా ఎండుమిర్చి వేసి రెండు వారాలు ఊరనిచ్చి వడకట్టుకోవచ్చు, కారం నిదానంగా దిగుతుంది కానీ దిగుతుంది. ల్యాబ్ లెక్కలో చూస్తే వేడికి తేనెలోని ఎంజైములు తగ్గుతాయి, హెచ్ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, అందుకే కుతకుత ఉడికించొద్దు అంటున్నా. గోరువెచ్చగా కాసేపు ఉంటే విషం అయిపోదు.

ఏ తేనె అన్నది కూడా చూడాలి. ఫుడ్ సేఫ్టీ రూల్స్ ప్రకారం తేనెలో తేమ 20 శాతం దాటకూడదు. పాడేరు వైపు, నల్లమల వైపు రోడ్డు పక్కన అమ్మే కొండ తేనె ఉంటుందే, రుచి అద్భుతం, కానీ పెద్ద తేనెటీగల పట్టుది సహజంగానే పల్చగా ఉంటుంది, తేమ ఎక్కువ, మామూలుగానే పులిసిపోతుంది. దాంతో చేస్తే కొంచెం చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా తినేయండి. చిక్కటి తేనెతో చేసిందైతే ఫ్రిజ్ అక్కర్లేదు, చలికి ఊరికే పేరుకుంటుంది. గాజు సీసా, బిగుతు మూత, ఎండ తగలని చోటు, పొయ్యి పక్కన కాదు. విజయవాడ, వైజాగ్ వర్షాకాలంలో మూత తీసి టేబుల్ మీద వదిలేస్తే గాల్లో తేమ కూడా లాగేసుకుంటుంది తేనె. పేరుకుంటే పాడైనట్టు కాదు, వేడినీళ్ళ గిన్నెలో సీసా పెడితే కరుగుతుంది. నురగ, బుడగలు, పుల్ల వాసన ఉంటే మాత్రం రుచి చూడకుండా పారేయండి. పచ్చిమిర్చి ఫ్లేవరే కావాలంటారా, ఆ పూటకి సరిపడా చిన్న గిన్నెలో కలుపుకుని ఆ పూటే అవగొట్టేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టకూడదు, మిర్చిదే కాదు ఏ తేనె అయినా. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే అలవాటు చాలామందికి ఉంది, పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కానీ ఇందాక చెప్పిన స్పోర్లు కడుపులోకి వెళ్ళినా పెద్దవాళ్ళకి మామూలుగా ఏమీ చేయవు, పసిపిల్లల పేగుల్లో మాత్రం మొలకెత్తి అక్కడే విషం తయారు చేయగలవు. మలబద్ధకం, ఏడుపు నీరసంగా ఉండటం, పాలు సరిగ్గా చప్పరించలేకపోవడం, మెడ వాలిపోవడం, ఇవి కనిపిస్తే వెంటనే హాస్పిటల్‌కి. మరిగించి ఇస్తాం అంటారు కొందరు, ఇంట్లో మరిగిస్తే ఆ స్పోర్లు చావవు, ఫ్యాక్టరీల్లో వాటిని చంపడానికి ప్రెషర్‌లో 121 డిగ్రీలు పెడతారు.

పెద్దవాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళు తేనే కదా అని పోసుకోవద్దు, పెద్ద చెంచాలో 17 గ్రాముల దాకా చక్కెరే. గ్యాస్, అల్సర్ ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో వద్దు. తీపి ముందు తెలిసి కారం వెనక నుంచి వస్తుంది కాబట్టి తెలీకుండా ఎక్కువ తినేస్తారు, మండితే నీళ్ళు కాదు, పెరుగో పాలో తాగండి. నాకైతే జొన్నరొట్టె మీద వెన్న, దాని మీద ఇది. జామకాయ ముక్కల మీద కూడా సూపర్.

సీసా మీద చేసిన తేదీ రాసి అంటించండి. ఎవరికైనా గిఫ్ట్ ఇస్తున్నా, అమెరికాలో ఉన్న పిల్లలకి సూట్‌కేసులో పెడుతున్నా, తేదీ కింద "ఏడాది లోపు పిల్లలకు పెట్టవద్దు" అని కూడా పెద్ద అక్షరాలతో రాయండి, అక్కడ మనవడో మనవరాలో ఉంటారు కదా.