ఆరడుగుల గోడ

నిన్న షికాగో డౌన్‌టౌన్‌లో పని తొందరగా ముగిసింది. రైలుకు ఇంకా మూడు గంటలుంది. గాలి చెవులు కోస్తున్నా డియర్‌బార్న్ వీధి వెంట నడిచాను.

మొనాడ్‌నాక్ భవనం దగ్గర కాళ్లు ఆగిపోయాయి. 1891లో కట్టిన ఉత్తర భాగంలో 16 అంతస్తుల బరువునూ మోసేది ప్రధానంగా ఇటుక గోడలే. అందుకే నేల దగ్గర గోడ మందం ఆరడుగులు! మా తాతగారి మండువా ఇంట్లో రెండడుగుల గోడలుంటేనే ఊరంతా గొప్పగా చెప్పుకునేవాళ్లం. రెండేళ్లు తిరగకుండానే, 1893లో, దక్షిణ భాగాన్ని ఉక్కు చట్రంతో లేపారు. గోడకు మోత తప్పింది. ఒకే భవనంలో ఒక కాలం ముగిసి మరొకటి మొదలైంది. అతుకు ఎక్కడా అని వెతుకుతూ రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను.

వీధి దాటితే వాస్తుశిల్పి మీస్ వాన్ డెర్ రో గీసిన నల్లని ఉక్కు, గాజు కట్టడాలు. నిజం చెప్పాలంటే, నాకు నచ్చలేదు. వాటి ముందున్న, శిల్పి కాల్డర్ చేసిన ఎర్రటి ‘ఫ్లెమింగో’ శిల్పం మాత్రం నచ్చింది, పులికాట్ పక్షితో పోలిక ఎంత వెతికినా దొరక్కపోయినా.

తలెత్తితే విల్లిస్ టవర్: 110 అంతస్తులు, 442 మీటర్లు. గొట్టాల్లాంటి తొమ్మిది నిలువు చట్రాలను కట్టగట్టి గాలికి నిలదొక్కుకునే ఆ ఉపాయం ఢాకాలో పుట్టిన ఇంజనీరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్‌ది. చీపురుపుల్ల వంగుతుంది, కట్ట వంగదు కదా!

వెళ్లేముందు మళ్లీ వెనక్కి వచ్చి ఆ ఇటుక గోడ మీద చెయ్యి వేశాను. మంచులా ఉంది. రైలు తప్పిపోయింది.