ఈఎఫ్-1 అంటే చిన్నదేనట

మా ఊరి మీదుగా పోయిన టోర్నడో బలహీనమైనదని, సుడిగాలుల బలాన్ని చెప్పే కొలమానంలో ఈఎఫ్-1 అని అమెరికా వాతావరణశాఖ తేల్చింది. 2022 డిసెంబరు 13, మంగళవారం ఉదయం. ఊరు డాలస్ పక్కనున్న గ్రేప్‌వైన్. ఐదుగురు గాయపడ్డారు, ప్రాణాలేమీ పోలేదు. గ్రేప్‌వైన్ మిల్స్ మాల్, సామ్స్ క్లబ్ దుకాణం దెబ్బతిన్నాయి కాబట్టి టీవీల వాళ్లు అక్కడికే వెళ్లారు. మా వీధికి ఎవరూ రాలేదు. వచ్చినా చూపించడానికి ఏముంది? కొన్ని చెక్క కంచెలు, కొంత పైకప్పు, ఒక కరివేపాకు మొక్క.

టెక్సస్ ఇళ్లకు నేలమాళిగలు చాలా అరుదు. ఇక్కడి బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందులో గోతులు తీసి గదులు కట్టడం ఖర్చుతో కూడిన పని. అందుకని సైరన్ మోగగానే మెట్ల కింద చీపుర్లు, సూట్‌కేసులు పెట్టుకునే అరలోకి దూరాం. టోర్నడో రైలులా కూస్తుందని అందరూ చెబుతారు. నాకు మాత్రం గ్యారేజీ తలుపు దబదబా కొట్టుకోవడం తప్ప ఇంకేమీ వినపడలేదు. ఇంటిలో అన్నిటికన్నా భయపడవలసింది ఆ తలుపు గురించేనని తర్వాత తెలిసింది. రెండు కార్లు పట్టేంత వెడల్పు, రేకు పలచన. అది కూలితే గాలి లోపలికి జొరబడి పైకప్పును కింది నుంచి ఎత్తేస్తుంది. మాది లోపలికి వంగింది గానీ కూలలేదు. చలికి తట్టుకోదని లోపల పెట్టిన కరివేపాకు కుండీ ఆ వంపు కింద నలిగింది. అంతా పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు.

బయటికి వచ్చి చూస్తే పెరటి కంచె సగం లేదు. ఎవరిదో ట్రాంపోలిన్ మా గడ్డిలో తలకిందులుగా పడి ఉంది. ఎదురింటివాళ్లు క్రిస్మస్‌కు నిలబెట్టిన తీగల జింక మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని చూస్తే ఎందుకో ఒళ్లు మండింది.

అమలాపురం నుంచి నాన్న ఫోను చేశారు. "సుడిగాలేనా అమ్మా? కంచె పోతే మళ్ళీ వేయించుకోండి." ఆయన్ను తప్పుపట్టలేను. 1996 నవంబరు 6న కోనసీమ తుఫాను చూసిన మనిషి. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు తోటలుగా నేలకూలాయి. అయితే ఆ తుఫానులో వీధి వీధంతా ఒకటే బాధ, ఒకరి ఇంట్లో వండితే పదిమంది తిన్నారు. ఇక్కడ టోర్నడో పోయే దారి సన్నం. మా ఇంటికి పెంకులు లేచిపోయాయి, కుడివైపు ఇంటికి ఆకు కూడా రాలలేదు. ఆ ఇంటాయన చెప్పులు వేసుకుని మమ్మల్ని పరామర్శించడానికి వచ్చాడు!

తర్వాత వాతావరణశాఖ సర్వే బృందం ఊళ్లో తిరిగింది. గాలి వేగాన్ని ఎవరూ యంత్రంతో కొలవరట. విరిగినవి చూసి వెనక్కి లెక్క కడతారు. చెట్లన్నీ ఒకే దిక్కుకు పడితే మామూలు ఈదురుగాలి, ఎదురెదురుగా పడి ఒక గీత మీద కలిస్తే సుడి. ఇళ్లు, బడులు, స్తంభాలు, చెట్లు అంటూ 28 రకాల గుర్తులున్నాయి. ఫుజితా అనే జపాన్ శాస్త్రవేత్త షికాగోలో ఉండి మొదలుపెట్టిన కొలమానం. దాని సవరించిన రూపమైన ఈఎఫ్ 2007 నుంచి వాడుకలో ఉంది. ఈఎఫ్-1 అంటే గంటకు 86 నుంచి 110 మైళ్లు. ఇదే గాలి ఖాళీ పొలం మీదుగా పోయి ఉంటే ఆ అంకె వేయడానికి ఆధారాలే దొరికేవి కావు.

"పోనీలే, చిన్నదే" అని మావారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. 2015 డిసెంబరు 26న ఇదే డాలస్ ప్రాంతంలో, గార్లాండ్‌లో ఈఎఫ్-4 పది మందిని పొట్టన పెట్టుకుంది, ఎక్కువమంది కార్లలో ఉన్నవాళ్లే. లోపల కూర్చున్నవాళ్లకు వచ్చేది ఏ అంకెదో ముందుగా తెలియదు.

అసలు తలనొప్పి బీమా దగ్గర మొదలైంది. గాలి, వడగళ్ల నష్టానికి మనం భరించాల్సిన వాటాను, డిడక్టిబుల్‌ను, టెక్సస్‌లో చాలా పాలసీలు ఇంటి బీమా విలువలో ఒక శాతమో రెండు శాతమో అని రాస్తాయి. నాలుగు లక్షల డాలర్ల ఇంటికి రెండు శాతమంటే ఎనిమిది వేలు. ఇల్లు మొత్తం పోతే ఆ ఎనిమిది వేలు లెక్కలోకి రావు. మాలా కాస్త కప్పు, కాస్త తలుపు పోయినవాళ్లకు ఖర్చంతా దాని లోపలే ఇమిడిపోతుంది. బీమా నుంచి చేతికి వచ్చేది సున్నా. ఏటా కట్టే ప్రీమియం మాత్రం ఏనాడూ చిన్నది కాలేదు.

గాలి తగ్గకముందే కప్పు వేసే కంపెనీల వాళ్లు తలుపులు తట్టారు. అందులో ఒకతను, "డిడక్టిబుల్ సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు. మావారి ముఖం వెలిగిపోయింది. అలా మాఫీ చేయడం 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో నేరమని ఫోనులో చూపించి అతణ్ణి గుమ్మంలోంచే పంపించేశాను. తర్వాత నిచ్చెన ఎక్కి తానే చూసివచ్చిన ఒక ముసలాయన, పోయిన పెంకుల వరకే వేసి డబ్బు తీసుకున్నాడు. రంగు కొద్దిగా కలవలేదు, పర్వాలేదు.

ఇక కంచె. అది మాకూ కుడివైపు పొరుగాయనకూ ఉమ్మడి. ఆయనకు దేవదారు చెక్కే కావాలట, సగం ఖర్చు మాత్రం మేం పెట్టాలట. చవకదైనా చాలు అని మేం. వచ్చే ఆదివారం ఆయన్ని టీకి పిలిచాం.