బంపర్ గురించే అడిగాం

"నాకేం కాలేదులేప్పా, బంపరే పోయింది" అని నిన్న రాత్రి ఫోన్‌లో నవ్విన మా బావ పొద్దున దిండు మీద నుంచి తల ఎత్తలేకపోయాడు.

డోన్ దగ్గర హైవే మీద వెనక నుంచి లారీ తగిలింది. కర్నూలులో ఎక్స్‌రే తీసి, మెడకు కాలర్ వేసి పంపారు. వెనక నుంచి గుద్దినప్పుడు సీటు ఒంటిని ముందుకు తోస్తుందంట, తల మాత్రం వెనకబడి కొరడాలా ఊగుతుందంట, అప్పుడు సాగిన మెడ కండరాల నొప్పి ఒక్కోసారి మరుసటి రోజుకు గానీ బయటపడదంట. తలలో, కడుపులో రక్తం కారినా అంతే, మొదట్లో పైకి ఏమీ కనపడకపోవచ్చన్నాడు డాక్టర్. అది విన్నాక నాకు కాళ్లు ఆడలేదు.

రాత్రంతా మేం మాట్లాడింది బంపర్ ఖర్చు, ఇన్సూరెన్స్ గురించి. మెడ సంగతి ఒక్కరమూ అడగలేదు.

ఆయనేమో తల తిప్పలేక ఒళ్లంతా నావైపు తిప్పి, "మెకానిక్ ఫోన్ చేసినాడా?" అంటున్నాడు.